కొండెక్కిన రేవు దీపం

ఈ బరువు నాతోపాటే ముసలిదైంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మాది ఉదయగిరి. మా అన్నకు సముద్రం ఒడ్డున, ఒక చిన్న రేవు ముఖద్వారంలోని దీపస్తంభంలో దీపం వెలిగించే ఉద్యోగం వచ్చింది. ఆ జీతమే మా ఇంటికి అన్నం. ఒకసారి అన్న కునుకు తీశాడు. కిరసనాయిలు అయిపోయి దీపం ఆరింది. రేవులోకొస్తున్న పడవ రాళ్లకు కొట్టుకుని బద్దలైంది. ఒక జాలరి చనిపోయాడు. పడవ నడిపిన సరంగు పోలయ్య బతికాడు. కునుకు సంగతి అన్న నాకొక్కడికే చెప్పాడు.

విచారణకు వచ్చిన అధికారికి తెలుగు రాదు. కాలేజీ సెలవులకు అన్న దగ్గరికి వెళ్లిన నాకు ఇంగ్లీషు వచ్చు. నన్నే ఇంగ్లీషులోకి మార్చి చెప్పమన్నారు. పడవ బద్దలైన పూట ఒడ్డున మొగుడి కోసం ఎదురుచూసిన పోలయ్య భార్య ముందుకొచ్చింది.

"పడవ వచ్చే యాళకి దీపం కొండెక్కి ఉండాది సార్. నా కళ్లతో చూసినాను."

ఆరిపోయిందనడం అశుభమని మనం అలాగే అంటాం. అంత కష్టంలోనూ ఆమె ఆ మాట నోట రానివ్వలేదు. అధికారి నా వైపు చూశాడు. మాటకు మాటగా ఇంగ్లీషులో చెప్పాను: దీపం కొండ పైకెక్కి ఉందట. ఆయన తలూపి, దీపం ఎత్తున బాగానే వెలుగుతోందని రాసుకున్నాడు.

"నా మాట సరిగ్గా చెప్పినావా అబ్బయ్యా?"

"చెప్పినానమ్మా."

అది అబద్ధమా? ఒక్క మాట కూడా మార్చలేదు కదా అని ఎన్నేళ్లు నన్ను నేను బుజ్జగించుకున్నానో. కంగారులో నోరు జారిందా? కాదు. అన్న ముఖం చూసి, తెలిసే చెప్పాను. తప్పు పోలయ్య మీద పడింది. మళ్లీ ఎవరూ ఆయన చేతికి పడవ ఇవ్వలేదు. అన్న జీతంతోనే నేను చదువు ముగించి, ఆత్మకూరులో ఇంగ్లీషు మేష్టరునయ్యాను. జాతీయాలను మాటకు మాట అనువదించకూడదని పిల్లలకు నేర్పాను కూడా. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఆ పాత స్తంభానికి రంగులేసి, చరిత్ర అంటూ బోర్డు పెట్టారు. సరంగు అజాగ్రత్త వల్ల జరిగిన ఒక్క ప్రమాదం తప్ప ఈ రేవుకు మచ్చ లేదట. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఫోటో చూపించింది.

"నాయనా, ఇది మన పెదనాయన దీపమే గదా!" అంది గర్వంగా.

అవునన్నాను.

అన్న పోయాడు. పోలయ్య దంపతులు ఉన్నారో లేరో కనుక్కునే ధైర్యం నాకు చాలలేదు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది వాళ్లు చేయాల్సిన పని. ఆ బోర్డు చదివినవాళ్లు ఇది కూడా చదవండి. ఆ పూట దీపం ఆరిపోయింది. పోలయ్య తప్పేమీ లేదు.