వంతెనను చూపించింది నేనే

ఆ ప్రయాణం ఒక చీర అంచు కోసం మొదలైంది. ఎమర్జెన్సీ వచ్చిన మరుసటి ఏడాది సంగతి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఒంగోలు నుంచి వచ్చి బెంగళూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కబ్బన్‌పేటలో గంగాధరప్పగారి మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయనది తరతరాలుగా బెంగళూరులో పట్టు నేసే తెలుగు కుటుంబం. పొద్దున ఆరింటికే కింద మగ్గం చప్పుడు మొదలయ్యేది, నా మంచం కోళ్ళు దానితోపాటు సన్నగా అదిరేవి. యాభై దాటిన ఆయనకు ఉన్న ఒకే ఒక్క సరదా ఫోటోలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కెమెరా ఉండేది. ఒక రోలుకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. అందులో మనుషులు మాత్రం ఉండరు. కిటికీ చువ్వలు, గుడి గోడలు, క్యాబేజీ ఆకు ఈనెలు, వానకు తడిసిన పెంకుల వరసలు, ఇవే. ఎందుకలా అని అడిగితే, "మనుషుల్ని స్టూడియోవాళ్ళు తీస్తారప్పా. నాకు గీతలు కావల్ల" అన్నారు. స్టూడియోలో కడిగించిన బొమ్మను గళ్ళ కాగితం పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గళ్ళు నింపుకుంటూ పోయేవారు. కొన్నాళ్ళకు అదే మగ్గం మీద చీర అంచుగా దిగేది. నా గది కిటికీ చువ్వలు ఒకరోజు ఆకుపచ్చ పట్టు మీద బంగారు జరీలో కనిపిస్తే నేను చాలాసేపు నోరు తెరుచుకుని చూశాను.

ఆ జనవరిలో ఒక పట్టు వ్యాపారి కొత్త రకం అంచు కావాలని అడిగాడట. దేవనహళ్ళి కోటలోని గుడి గోడల మీద మంచి పనితనం ఉందని ఎవరో చెప్పారు. "ఆదివారం పోదాం వస్తావా? నువ్వూ ఏమీ చూసిండవు గదా ఈ ఊర్లో" అన్నారు గంగాధరప్పగారు. ఆయన భార్య సరోజమ్మగారు నిమ్మకాయ చిత్రాన్నం కట్టిచ్చారు. ఆరున్నరకు మెజెస్టిక్ బస్టాండులో చిక్కబళ్ళాపురం వెళ్ళే బస్సెక్కాం. టిక్కెట్టు ఇద్దరికీ కలిపి నాలుగు రూపాయలు కూడా కాలేదు. హెబ్బాళ దాటగానే ఊరు అయిపోయేది అప్పట్లో. తర్వాతంతా ద్రాక్ష పందిళ్ళు, రాగి కోసేసిన చేలు, చలికి గోనెపట్టా కప్పుకున్న ఎద్దులు. ఇప్పుడు ఆ దారిలో విమానాశ్రయానికి వెళ్ళేవాళ్ళకు ఇదంతా నమ్మబుద్ధి కాదు. ఎనిమిది కావస్తుండగా దేవనహళ్ళిలో దిగాం.

బస్టాండు దగ్గర పెంకుటి హోటల్లో ఇడ్లీ తిన్నాం. వంటాయన మా మాట విని తెలుగులోనే పలకరించాడు, ఆ వైపు చాలామందికి తెలుగు ఇంటి భాషే. మెళ్ళో కెమెరా చూసి, "పేపరోళ్ళా స్వామీ?" అని అడిగాడు. "కాదప్పా, నేసేవాళ్ళం" అన్నారు గంగాధరప్పగారు. వంటాయన నవ్వి, "నేసేదానికి కెమెరా యాలప్పా?" అంటూనే ఇంకో ఇడ్లీ వడ్డించాడు. దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు. కోట అక్కడికి పది నిమిషాల నడక. తొమ్మిదిలోపు వెళ్తే ఎండ ఏటవాలుగా పడి రాళ్ళ అంచులు చక్కగా కనిపిస్తాయి. బురుజుల మీదికి ఎక్కి చుట్టూ నడవవచ్చు. లోపలి వేణుగోపాలస్వామి గుడి గోడల మీద రామాయణ కథ వరసగా చెక్కి ఉంటుంది. నేను కథ చూస్తుంటే ఆయన కథ కింద సాగే సన్నటి లతను చూశారు. కూర్చుని, లేచి, నీడ జరిగేదాకా కాచుకుని, రెండు గంటల్లో ఎనిమిది బొమ్మలు తీశారు. "నాలుగు మిగిలినాయి. తొందరేమి" అన్నారు. కోట తలుపు దగ్గర ఒక ముసలామె చకోత పండ్లు, అంటే మన పంపరపనసలు, అమ్ముతుంటే రెండు కొన్నారు, సరోజమ్మగారికి ఇష్టమని.

తిరుగు బస్సు ఒంటిగంటకు గానీ లేదన్నారు. ముందున్న చిన్న ఊరి కూడలిలో వేరే బస్సులు కూడా ఆగుతాయని విని, మూడు మైళ్ళు నడుద్దామనుకున్నాం. ఆ ఊరి పేరు రాయను. ఊరికి ముందు ఒక వాగు, దాని మీద చిన్న రైలు వెళ్ళే ఇనుప వంతెన. ఇనుప బద్దలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కత్తెరల్లా సాగుతున్నాయి. మధ్యలో ఆకాశం గళ్ళు గళ్ళుగా కనిపిస్తోంది. ఆయన ఆ వైపు చూడనేలేదు, తల వంచుకుని నడుస్తున్నారు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. "అటు చూడండి గంగాధరప్పగారూ, అది మీ అంచులాగే లేదూ?"

ఆయన చూశారు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. ఆకలేసినవాడి ముందు విస్తరి వేస్తే ఎలా ఉంటుందో అలా. "ఎంత బాగుండాదప్పా" అని చిన్నగా అని, గట్టు దిగి, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు బొమ్మలు తీశారు. మూడోదానికి సర్దుకుంటుండగా పైనుంచి కేక వినిపించింది. సైకిలు పట్టుకుని ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు.

మాటలన్నీ కన్నడంలో జరిగాయి, ఎనిమిది నెలల్లో నాకు ఆ భాష బాగానే పట్టుబడింది. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. "ఎందుకు తీస్తున్నావు?" అని అడిగాడు. గంగాధరప్పగారు ఇసుక దులుపుకుంటూ, మగ్గం పనిలో వాళ్ళు చీర అంచుకు వాడే మాటే వాడారు. "బార్డర్ కోసం సార్" అన్నారు. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు మేము ముగ్గురం నవ్వుకునేవాళ్ళమేమో. కానిస్టేబుల్ నవ్వలేదు. "ఏ బార్డర్?" అన్నాడు, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

ఊళ్ళో ఒకే గది ఉన్న పోలీసు ఠాణాలో మమ్మల్ని కూర్చోబెట్టారు. సబ్ఇన్‌స్పెక్టరు నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద అయి ఉంటాడు. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. నాకు మొదట కాస్త ధైర్యంగానే ఉంది. "అక్కడ ఫోటో తీయకూడదని బోర్డు లేదు సార్. అది దారి పక్కనే ఉంది, అందరికీ కనిపించేదే కదా" అన్నాను.

"ఇది బోర్డులు చదువుకునే కాలం కాదు" అన్నాడు అతను. "నువ్వేం చేస్తుంటావు?"

చెప్పాను.

"పర్మనెంటా?"

"ఇంకా కాలేదు సార్."

అతను కాగితం దగ్గరకు లాక్కుని నా ఆఫీసు పేరు, పైఅధికారి పేరు అడిగి రాసుకున్నాడు. ఆ పేర్లు కాగితం మీద ఒక్కొక్కటే పడుతుంటే ఒంగోలులో నా జీతం కోసం ఎదురుచూసే ఇల్లు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఎవరో ఏదో అన్నారని ఉద్యోగాలు పోయిన కథలు ఆఫీసులో గుసగుసగా చెప్పుకునేవాళ్ళం.

"ఇద్దరూ కలిసే చేస్తున్నారా ఈ పని? లేక నువ్వు ఊరికే వెంట వచ్చావా?"

నేను జవాబు చెప్పేలోపే గంగాధరప్పగారు అందుకున్నారు. "ఆ పిల్లోడు ఊరికే వచ్చినాడు సార్, కోట చూసేదానికి. నా ఇంట్లో బాడుగకు ఉండాడు, అంతే."

"వంతెన తీయమని ఎవరు చెప్పారు?"

"ఎవురూ చెప్పలా. నేనే చూసుకుంటి."

సబ్ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. నేనే చూపించాను సార్, ఈయన చీరలు నేస్తారు, నేను కళ్ళారా చూశాను, అంతే. చెప్పలేదు. అతను కన్నడంలో నాలుగు వరసలు రాసి చదివి వినిపించాడు. ఇతను ఫోటోలు ఎందుకు తీస్తున్నాడో నాకు తెలియదు, అని ఉంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి కూడా లేదు, ప్రతి మాటా అర్థమైంది. సంతకం పెట్టాను. నన్ను వెళ్ళమన్నారు. ఆయన్ను ఉండమన్నారు. బయట ఎండ కళ్ళలో పొడిచింది. కూడలిదాకా పరుగులాంటి నడక నడిచాను.

మూడున్నరకు బస్సు దొరికింది. చిత్రాన్నం డబ్బా, చకోత పండ్లున్న సంచి నా ఒళ్ళోనే ఉన్నాయని హెబ్బాళ వచ్చాక గమనించాను. ఆయన పొద్దుటి ఇడ్లీ తర్వాత ఏమీ తినలేదు. ఐదున్నరకు ఇల్లు చేరేసరికి సరోజమ్మగారు గుమ్మంలో దారం చుడుతున్నారు. నా వెనక వీధిలోకి చూసి, "ఆయప్ప ఏడి?" అన్నారు. జరిగింది చెప్పాను. నేను పెట్టిన సంతకం సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి, ఆయన గళ్ళ కాగితాలు, పాత ఫోటోలు, రెండు చీరలు మూటగట్టుకుని ఆ పట్టు వ్యాపారి ఇంటికి బయలుదేరారు.

మరునాడు వ్యాపారీ ఆమే ఠాణాకు వెళ్తే మూట విప్పనివ్వలేదు, ఆయన్ను వదల్లేదు. మూడో రోజు ఇంకో పెద్దమనిషిని తోడు తీసుకెళ్తే, సబ్ఇన్‌స్పెక్టరు బల్ల మీద చీర పరిచి, ఫోటో పక్కన పెట్టి, గీత గీతకూ పోల్చి చూశాడట. "ముందే ఎవరైనా ఇది చెప్పి ఉంటే సరిపోయేది కదా" అన్నాడట. ఆ మాట నాతో చెప్పింది సరోజమ్మగారే. నా సంతకం సంగతి అప్పటికి ఆమెకు తెలుసో లేదో ఇవాళ్టికీ నాకు తెలియదు. ఆ రోజే ఆయన్ను వదిలేశారు, కొట్టలేదు. కెమెరా తిరిగి ఇచ్చారు. రోలును మాత్రం ఎండలోకి లాగేసి ఇచ్చారు. గుడి గోడ మీది లత కూడా దానితోపాటే పోయింది.

తర్వాత నెల రోజులు ఎవరో ఒకరు విచారణకని వీధిలోకి వచ్చేవారు. ఈయన ఎలాంటివాడు, ఎవరెవరు వస్తుంటారు అని పక్కిళ్ళలో అడిగేవారు. పక్కింటివాళ్ళు మంచిమాటే చెప్పారు, కానీ సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చునేందుకు రావడం మానేశారు. స్టూడియోవాడు ఫిలిం అడిగితే లేదన్నాడు. ఆయన రెండోసారి అడగలేదు. కొత్త అంచు ఇంకెవరో వేశారు. గంగాధరప్పగారు పాత నమూనాలే నేస్తూ ఉండిపోయారు. కెమెరాను ఆయన చేతిలో నేను మళ్ళీ చూడలేదు.

నాతో ఆయన మామూలుగానే ఉండేవారు, అదే భరించలేకపోయాను. ఉగాది దాటాక ఒక సాయంత్రం అరుగు మీద ఒక్కరే ఉంటే వెళ్ళి కూర్చున్నాను. "ఆ రోజు నేను చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"చెప్పింటే నిన్నూ కూర్చోబెట్టిందురు. ఇద్దురుం కూర్చుంటే ఎవురికి లాభం? నేనే గదా అట్ల చెప్పింది. ఆ మాటకేమీ లేదు, వదిలెయ్యి" అన్నారు. చేతికి అంటిన జరీ పోగును వేలితో తీసుకుంటూ, "ఒకటే అప్పా. నువ్వు బయటికి పోయేటప్పుడు ఒకతూరి తిరిగి చూస్తావనుకుంటి" అన్నారు.

ఆ నెలాఖరుకు వేరే గది చూసుకుని వెళ్ళిపోయాను. ఉద్యోగం ఖాయమైంది. నా ఆఫీసుకు ఆ ఠాణా నుంచి ఏ ఉత్తరమూ రాలేదు. ఎనభైల మొదట్లో ఆయన పోయారని ఆలస్యంగా తెలిసి వెళ్తే, సరోజమ్మగారు కాఫీ ఇచ్చి నా పిల్లల గురించి అడిగారు. నేను అడగాలనుకున్నది అడగలేకపోయాను. అంతకుముందే ఒకసారి పనిమీద చిక్కబళ్ళాపురం వెళ్తూ బస్సులోంచి ఆ వంతెన చూశాను. దాని పక్కన కొత్తగా ఒక బోర్డు పాతారు, ఫోటోలు తీయరాదని. మేము వెళ్ళిన రోజు అది లేదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరా ఉంది. అయినా మెళ్ళో పెద్ద కెమెరా వేసుకుని రోడ్డు మీద నిలబడే కుర్రాళ్ళను ఎవరో ఒకరు వచ్చి అనుమానంగా ప్రశ్నించడం చూస్తూనే ఉన్నాను. అలాంటప్పుడు నా కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. ఏమైందని అడిగి, వాళ్ళ పక్కన నిలబడతాను. చాలాసార్లు అంతకుమించి చేయాల్సింది ఏమీ ఉండదు. గంగాధరప్పగారి విషయంలోనూ ఉండేది కాదేమో. ఆయనకు అన్యాయం చేసినవాళ్ళు ఇద్దరని నా లెక్క. వాళ్ళలో ఒకడు తన అనుమానంతో చేశాడు. రెండోవాడికి ఏ అనుమానమూ లేదు.

దేవనహళ్ళికి వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. తొమ్మిదిలోపు కోట చేరండి, గుడి గోడలను తీరిగ్గా చూడండి. నిషేధమని బోర్డు ఉన్నచోట కెమెరా తీయకండి. బోర్డు లేని బహిరంగ ప్రదేశంలో ఎవరైనా ఆపితే గొడవ పడకుండా, ఏ నిబంధన ప్రకారమో మర్యాదగా అడగండి. కెమెరా తీసుకుంటే రసీదు రాసివ్వమనండి. ప్రతి మాటా అర్థమైనా సరే, నిజం కాని మాట ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఇద్దరు వెళ్తే, ఇద్దరూ కలిసే తిరిగి రండి.