షమీమక్క కలిపిన చివరి సీసా

దయ్యాలూ గియ్యాలూ నాకు పట్టవు. ల్యాబ్‌లో పంపు మొరాయిస్తే దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టబోయిన వాళ్లతో పోట్లాడినదాన్ని. ఇప్పుడిది రాస్తున్నది కూడా నమ్మకం కుదిరి కాదు.

తడ దగ్గర ఒక కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. వెంట్రుకంత సన్నని కాలువలోకి పాలిమర్ ద్రావణాన్ని పంపుతాం. ఆ కాలువ మధ్యలో ఇంకా ఇరుకవుతుంది. మెల్లగా తోస్తే ద్రావణం బుద్ధిగా పోతుంది. వేగం పెంచితే ఇరుకు ముందర రెండు మూలల్లో సుడులు లేచి అటూ ఇటూ ఊగుతాయి. పాలిమర్‌లోని పొడుగాటి అణువుల గొలుసులు సాగడం వల్ల అలా అవుతుంది. వట్టి నీళ్లయితే మా పంపుతో ఎంత తోసినా ఊగవు.

నేను మైక్రోస్కోపు దగ్గర, గూడూరు షమీమక్క పంపు దగ్గర. నేను కన్ను తీయకుండా ఉండాలని మాటలతోనే పని నడిపేవాళ్లం.

"పెంచేదా పద్మా?"

"పెంచక్కా."

ఆపాలంటే "చాలక్కా" అనేదాన్ని. అంతే. ఆ ఊళ్లో నాకంటూ ఉన్న మనిషి ఆమె ఒక్కతే. మధ్యాహ్నం అన్నం కూడా సగం ఆమె క్యారేజీలోదే తినేదాన్ని.

మొన్న ఎండాకాలం అక్క గుండెపోటుతో పోయింది. ఆ వెంటనే ఏసీ చెడి ల్యాబ్ మూతపడింది. తెరిచాక పాత సీసాలన్నీ పారబోయమన్నారు. అన్నీ పారబోశాక అక్క తన చేత్తో కలిపినది ఒకటి మిగిలింది. చిక్కదనం కొలిచాను. ఆ వేడికి గొలుసులన్నీ తెగిపోయి నీళ్లలా అయింది. అయినా సింకులో పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక్కసారి నడిపి చూద్దామని సిరంజిలో నింపాను.

పంపుని బాగా తక్కువ వేగంలో పెట్టి వచ్చి మైక్రోస్కోపులో చూశాను. తిన్నగా పోతోంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"పెంచక్కా."

సుడులు లేచాయి.

వెళ్లి పంపు చూశాను. అంకె మారలేదు. గాలి బుడగ ఉందేమోనని గొట్టమంతా వెతికాను. లేదు. వచ్చి చూస్తే ఇంకా అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. వీడియో తీశాను. తర్వాత అది చూసిన మా పైఆఫీసరు గారు, సీసా మారిపోయి ఉంటుందమ్మా అన్నారు. ఆ రోజు బల్ల మీద వేరే సీసాయే లేదు.

ఎందుకలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం పరీక్షించి ఉండొచ్చు. "చాలక్కా" అంటే ఆగేవేమో. సైన్సు చదువుకున్నదాన్ని, అని చూడాల్సింది. ఏడుస్తూ చూస్తూ కూర్చున్నాను. సిరంజి ఖాళీ అయ్యేదాకా ఆ మాట అనలేదు.