ఇంగ్లండావిడ ఆకలి

మా అత్తమ్మ ఇంగ్లండు చూడలేదు. ఇంగ్లండు దాకా ఎందుకు, ఓడ కూడా చూడలేదు. అయినా అబిడ్స్‌లో ఒక బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లిషు చెప్పీ చెప్పీ, ఆ దేశపు మర్యాదలన్నిటికీ తనే ధర్మకర్త అయిపోయింది. ఆమె మా నాన్నకు అక్క. నాంపల్లిలో మా ఇంట్లోనే ఉండేది. మేం చప్పుడు చేస్తూ టీ తాగామంటే చాలు, "లండన్ల గిట్ల జుర్రితే బయటికి నూకుతరు" అనేది. లండన్‌లో టీ తాగే యోగం మాకెక్కడిదని మొత్తుకున్నా వినేది కాదు.

తొంభైల చివర్లో, మంచి ఎండాకాలంలో, మా చర్చికి నిజంగానే ఒక ఇంగ్లండావిడ వచ్చింది. ఆవిడ తాతగారు ఒకప్పుడు ఇక్కడ పాస్టరుగా పనిచేశారట, ఆ చోటు చూసిపోదామని వచ్చింది. ఆదివారం ఆవిడకు భోజనం ఎవరింట్లో అనేసరికి చర్చి ఆవరణలో చిన్నపాటి యుద్ధమే జరిగింది. "మా ఇంట్ల డైనింగ్ టేబుల్ ఉన్నది" అంది పాటల బృందం నడిపే ఆవిడ. "టేబులుంటే అయితదా? దాని ముంగట ఎట్ల కూసోవాల్నో తెల్వద్దా?" అంది మా అత్తమ్మ. భోజనం మాకు దక్కింది, దాంతోపాటు ఒక శత్రువూ దక్కింది. ఇక అతిథి మెచ్చుకోకుండా వెళ్లిందా, అత్తమ్మ ఇన్నేళ్ల పేరు మూసీలో కలిసినట్టే.

శనివారమంతా మాకు శిక్షణ. వయసు అడగొద్దు. జీతం అడగొద్దు. పెళ్లి, పిల్లల ఊసే ఎత్తొద్దు.

"మరి ఏం మాట్లాడాలె అక్కా?" అన్నాడు నాన్న.

"వాతావరణం."

"ఎండ కొడ్తున్నది. అయిపాయె. తర్వాత?"

అత్తమ్మ ఆయన్ని చూసిన చూపు కంటే బయటి ఎండే నయం. అసలు సూత్రం మాత్రం అమ్మ కోసం దాచింది. "ఇంగ్లిషోళ్లు ఒక్కసారి వద్దంటే వద్దే. మనలెక్క పైకి వద్దని లోపల కావాలనుడు ఉండది. మళ్ల అడిగినవా, మోటోళ్లమనుకుంటరు."

మా అమ్మది మెదక్. విస్తరికి అడ్డంగా చెయ్యి పెడితే వేళ్ల సందుల్లోంచి కూర వేయగల మనిషి. ఆమె చేతులకు ఈ సూత్రం సంకెళ్లు వేసింది.

ఆదివారం బగారన్నం, మటన్ కూర, కోడి వేపుడు, అత్తమ్మ స్వయంగా చేసిన పుడ్డింగు. ఆవిడ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, ఎండకు టమాటాలా కమిలిపోయి ఉంది. నాన్న గొంతు సవరించుకుని ఇంగ్లిషులో, "ఇవాళ ఎండగా ఉంది" అన్నాడు. అవునంది ఆవిడ. "నిన్న కూడా ఎండే." అలాగా అంది. "రేపు కూడా ఉంటుంది." అంతటితో మా ఇంటి సంభాషణ సమాప్తం.

అమ్మ బగారన్నం తెచ్చింది. ఆవిడ తియ్యగా నవ్వి, "నో, థ్యాంక్యూ" అంది. అమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. అత్తమ్మ కళ్లతో గదమాయించింది. అన్నం వెనక్కి వెళ్లిపోయింది. మటన్? నో, థ్యాంక్యూ. వేపుడు? నో, థ్యాంక్యూ. చివరికి ఆవిడ పళ్లెంలో మిగిలినవి రెండు కీరా ముక్కలు, ఒక నిమ్మచెక్క. "చూసిన్రా, ఎంత మితం!" అని అత్తమ్మ మురిసిపోతూ మాకు తెలుగులో వివరించింది. పుడ్డింగు కూడా అలాగే వెనక్కి నడిచింది. దాని వెంటే ఆవిడ చూపు వంటింటి గడప దాకా వెళ్లడం నేను చూశాను. అత్తమ్మ చూడలేదు.

ఆవిడ సెలవు తీసుకుని వెళ్లాక చూస్తే కుర్చీకి నల్ల గొడుగు వేలాడుతోంది. అత్తమ్మా, నేనూ గొడుగు పట్టుకుని పరుగెత్తాం. స్టేషన్ రోడ్డు మలుపులో మిర్చిబజ్జీల బండి. దాని పక్కన మా అతిథి. ముక్కూ కళ్లూ ధారాపాతంగా కారుతున్నాయి, అయినా బజ్జీ వెనక బజ్జీ లాగించేస్తోంది. బండి అతను నీళ్లు అందిస్తూ, "ఆహిస్తా మేడం, జర ఆహిస్తా" అని మెల్లగా తినమని బతిమాలుతున్నాడు.

అత్తమ్మ నిలబడిపోయింది. "నా ఇంట్ల మెతుకు ముట్టలే. గీడ బండి కాడ తింటున్నది" అంది. కోపమనుకున్నాను, కానీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాపం, నాకూ ఏడుపొచ్చింది. ఆమె నేరుగా వెళ్లి, తన సూత్రాలన్నీ గాలికొదిలేసి, "మా వంట మీకు నచ్చలేదా?" అని ఇంగ్లిషులో అడిగేసింది.

ఆవిడ నోట్లోది కష్టపడి మింగింది. ఇండియా బయలుదేరే ముందు తెలిసినవాళ్లెవరో ఆవిడకూ శిక్షణ ఇచ్చారట. అక్కడ అడగ్గానే పెట్టించుకుంటే తిండిపోతనుకుంటారు, రెండుసార్లు వద్దను, మూడోసారి బతిమాలినప్పుడు ఒప్పుకో అని. "రెండోసారి ఎప్పుడడుగుతారా అని చూస్తూనే ఉన్నాను. మీరు అడగనే లేదు" అంది దీనంగా.

"మీ దేశంలో మళ్లీ అడగరు కదా!"

"మా దేశంలో అడగరు. నేను వచ్చింది మీ ఇంటికి కదా!"

అత్తమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చింది. సంగతి వినీ వినకముందే అమ్మ గరిటె అందుకుంది. ఈసారి ఆవిడ నిజంగానే వద్దంది, కడుపు నిండా బజ్జీలాయె. రెండోసారి వద్దంది. మూడోసారి చేతులు జోడించి వద్దంది. వింటే కదా! "సిగ్గువడకు బిడ్డా, నీ ఇల్లే అనుకో" అంటూ అమ్మ మటన్ కుమ్మరించింది. మహాతల్లి, ఆఖరి ముక్క దాకా తిన్నది.

ఇక కట్టు తెగింది. నాన్న వయసడిగాడు. అమ్మ జీతమడిగింది. పెళ్లి సంగతి అత్తమ్మే అడిగింది. చేసుకోలేదంది ఆవిడ. ఆవిడకూ ధైర్యం వచ్చినట్టుంది, "మరి మీరు?" అని తిరిగి అడిగింది.

మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తిన పాపాన పోలేదు. అత్తమ్మ ముందు ఇంగ్లిషులో జవాబు చెప్పింది. తర్వాత మావైపు తిరిగి, "ఒకాయన అడిగిండు. మర్యాదకు వద్దన్న. మళ్ల అడుగుతడేమోనని చూసిన" అంది.

నాన్న తలెత్తి అక్కను చూశాడు. ఆయనకూ తెలియదు. ఆమెకు పెళ్లంటే ఇష్టం లేదేమో అనుకుని, ఇన్నేళ్లూ మేమంతా మర్యాదగా ఊరుకున్నాం.