వాన పడని వారానికి జవాబు

నేను కర్నూలు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు ప్రోగ్రామింగ్ చెబుతాను. మూడు సెక్షన్లు. వారానికొక అభ్యాసం ఇస్తే, వారం తిరిగేసరికి నా బల్ల మీద నూట ఎనభై రికార్డు పుస్తకాలు చేరేవి. మొదటి పాతిక శ్రద్ధగా చదివేదాన్ని. యాభై దాటాక కళ్ళు వరుసల మీద జారిపోయేవి. వందో పుస్తకం దగ్గరికి వచ్చేసరికి చేతిరాత బాగుంటే టిక్కు, లేకపోతే సగం టిక్కు. ఆ సంగతి నాకు తెలుసు, పిల్లలకూ తెలుసు. ఎవరమూ బయటికి అనేవాళ్ళం కాదు.

ఒక వేసవి సెలవుల్లో, ఇంట్లో అందరూ బనగానపల్లె మామిడిపళ్ళ చుట్టూ కూర్చుని ఉంటే, నేను ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని పిల్లల ప్రోగ్రాములను తనంతట తానే దిద్దే ప్రోగ్రాము ఒకటి రాశాను. అది చేసే పని సులువైనదే. పిల్లలు తాము రాసింది పంపుతారు. ఇది దానికి కొన్ని అంకెలిచ్చి నడిపిస్తుంది. వచ్చిన జవాబును నేను ముందే రాసిపెట్టిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చుకుంటుంది. కలిస్తే పచ్చ గుర్తు, పది మార్కులు. కలవకపోతే ఎర్ర గుర్తు, సున్నా. పిల్లలు ఎన్నిసార్లయినా పంపుకోవచ్చు. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే వాళ్ళు దానికి ‘దిద్దే మిషన్’ అని పేరు పెట్టారు.

మా డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు నాకు పాఠాలు చెప్పినవారు. ఇప్పటికీ ఎర్ర పెన్నుతో, అంచుల్లో చిన్న చిన్న మాటలు రాస్తూ దిద్దుతారు. ఆయనను పిలిచి నా మిషన్‌ను చూపించాను. క్షణాల్లో ఒక సెక్షన్ మొత్తం దిద్ది పారేసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“శానా బాగుండాదమ్మా. సున్నా వచ్చిన పిల్లకాయకు అది ఎందుకొచ్చిందో ఎవరు చెప్తారు?”

“వాళ్ళే వెతుక్కుంటారు సార్. నేర్చుకోవడమంటే అదే కదా.”

“సర్లే, సూద్దాం,” అని నవ్వి వెళ్ళిపోయారు. ఆయనకు కొత్తవంటే పడదులే అనుకున్నాను నేను.

మా కాలేజీలో మార్కులు తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజ్‌గా వెళ్ళే ఏర్పాటు అప్పటికే ఉంది. నా మిషన్‌ను దానికి కలిపేశాను. శనివారం సాయంత్రం గడువు ముగియగానే మార్కులు ఇళ్ళకు చేరిపోయేవి. ప్రిన్సిపాల్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆదివారాలు నావయ్యాయి. ఆ సంతోషంలో ఐదారు వారాలు గడిచిపోయాయి.

ఒక సోమవారం పొద్దున క్లాసు ముగించుకుని వస్తే, స్టాఫ్ రూమ్ బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆదోని అవతల పల్లె నుంచి మొదటి బస్సుకు బయలుదేరి వచ్చానన్నాడు. మొదటి సంవత్సరంలో తన కూతురు చదువుతోందని చెప్పి, ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.

“ఇంగిలీసు నాకు రాదు మేడమ్. అంకెలు తెలుస్తాయి. ఐదు వారాల నుంచి సున్నా, సున్నా అనే వస్తాండాది. పాప సదవకుండా ఉండాదా, లేకుంటే ఈ సదువు దానికి ఎక్కదా? ఉన్నది ఉన్నట్ల చెప్పండి. ఎక్కదంటే ఇంటికి పిల్సకపోతా. ఈడ ఉండి బాధపడేది ఎందుకు?”

ఆ మెసేజ్‌లన్నీ నా మిషన్ పంపినవే. వరుసగా ఐదు. వాటిని అలా ఒక తండ్రి ఫోన్‌లో చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయనను లోపల కూర్చోబెట్టి, ఆ అమ్మాయికి కబురు పంపాను.

ఆమె వచ్చేలోగా కంప్యూటర్‌లో ఆమె వివరాలు తెరిచాను. మిగతా పిల్లలు ఒక్కో అభ్యాసాన్ని రెండు మూడుసార్లు పంపి ఊరుకున్నారు. ఈ అమ్మాయి ఆఖరి అభ్యాసాన్ని ఒక్కదాన్నే నలభైసార్లకు పైగా పంపింది. పొద్దున పంపింది, భోజనాల వేళ పంపింది, శనివారం గడువుకు ఐదు నిమిషాల ముందు కూడా పంపింది. ప్రతిసారీ ఎర్ర గుర్తే. చదవని పిల్ల చేసే పని కాదది.

ఆ అమ్మాయి తలుపు దగ్గరికి వచ్చి, తండ్రిని చూసి అక్కడే ఆగిపోయింది. క్లాసులో మూడో వరుసలో గోడపక్కన కూర్చునే పిల్ల. అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పదో తరగతి వరకు తెలుగు మీడియం.

“నాయనా, నువ్వెందుకొచ్చినావు?” అంది మెల్లగా. ఆయన తువ్వాలు సరిచేసుకున్నాడు.

“ఇన్నిసార్లు పంపావు కదమ్మా, నన్నెందుకు అడగలేదు?” అన్నాను.

“అందరికీ పచ్చ వస్తాండాది మేడమ్. నాకొక్కదానికే ఎర్ర. అడిగితే, ఇది గుడక తెలీదా అంటారనుకున్యా.”

“పక్కవాళ్ళను అడగలేకపోయావా?”

“అడిగినా. వాళ్ళది రాసుకోమని ఇచ్చిరి. నాది యాడ తప్పో తెలీకుండా వాళ్ళది ఎట్ల పెడతా మేడమ్?”

ఆ ఆఖరి వారం ఇచ్చిన అభ్యాసం ఇది. ఏడు రోజుల వాన లెక్క మిల్లీమీటర్లలో ఇస్తే, వాన పడిన రోజులకు సగటున ఎంత పడిందో చెప్పాలి. నా కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తాను రాసింది నడిపి చూపించమన్నాను. నడపగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కనిపించాయి. ‘మొదటి రోజు వాన ఎంత పడింది?’

నాకు అప్పుడే అర్థమైపోయింది. అడిగిన జవాబు తప్ప మరేమీ ముద్రించకూడదని అభ్యాసం కాగితం చివర ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. నా మిషన్ ఒట్టి అంకె కోసం చూస్తుంది. ఈ అమ్మాయి ప్రోగ్రాము అంకె చెప్పడానికి ముందు మనిషిని పలకరిస్తోంది. ఆ పలకరింపు నేను రాసిన జవాబులో లేదు కాబట్టి సున్నా. మిగతా నాలుగు వారాలవీ తెరిచి చూశాను; లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, అడ్డం పడింది ఈ పలకరింపే.

“ఈ ప్రశ్నలు ఎందుకు రాశావమ్మా? జవాబు మాత్రమే రావాలని కాగితంలో ఉంది కదా.”

“జవాబు ఒకటే వస్తాండాది మేడమ్. ఇవి జవాబు కాదు కదా, ప్రశ్నలు. ముందర కూచున్న మనిషికి ఏమి ఇయ్యల్లో చెప్పకుంటే ఎట్ల తెలుస్తాది?”

ఈలోగా తండ్రి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“ఏమడుగుతాండాది పాపా అది?”

“మన ఊర్లో వాన ఎంత పడిందని నాయనా.”

ఆయన ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. “ఏ వారం సంగతి?”

“నీ ఇష్టం. ఏదో ఒక వారం చెప్పు.”

“పత్తి ఇత్తినామే, ఆ వారం ఎయ్యి. మొదటి దినం మంచి పదును వాన.”

“పదును అంటే ఇరవై ఎస్తా. రెండో దినం?”

“రెండో దినం తుంపర. మూడు, నాలుగు ఏమీ ల్యా. ఐదో దినం మళ్ళా పదునే. ఆ మీంట ల్యా.”

ఆమె ఒక్కొక్కటే వేసింది. సగటు వచ్చింది. కాగితం మీద లెక్క వేసి చూశాను. సరిగ్గా ఉంది.

“ఆ తర్వాత వారం చెప్పన్నా,” అన్నాను నేను. నాకూ ఉత్సాహం వచ్చింది.

“ఆ తర్వాత యాడిది మేడమ్? పదైదు దినాలు మబ్బు గుడక రాల్యా. ఏడు దినాలకూ సున్నానే.”

ఆ అమ్మాయి ఏడు సున్నాలు వేసింది. ప్రోగ్రాము ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ‘ఈ వారం వాన పడలేదు’ అని చెప్పింది.

“అంతే. సరిగ్గ చెప్పింది,” అన్నాడాయన.

అభ్యాసం ఇచ్చినప్పుడు ఈ సంగతి నాకు తట్టనేలేదు. వాన పడిన రోజులతో భాగించాలి. ఒక్క రోజూ పడకపోతే సున్నాతో భాగించాలి, అది కుదరదు. ఈ అభ్యాసానికి నేను రాసుకున్న ప్రోగ్రామును తెరిచి, అదే ఏడు సున్నాలు ఇచ్చాను. అంకె రావలసిన చోట అర్థం లేని మూడు అక్షరాలు వచ్చాయి. పచ్చ గుర్తులు వచ్చిన మరో నలుగురివి తీసి నడిపాను. నాలుగింటిలో మూడు నాలాగే బోల్తా కొట్టాయి. కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగి, వాన లెక్క ఇచ్చి, వాన పడని వారం ఉంటుందని మరిచిపోయాను.

“తప్పు మీ పాపది కాదన్నా, నాది,” అన్నాను. “ఐదింటికి ఐదూ సరిగ్గానే చేసింది. ఆఖరుది నాకంటే బాగా చేసింది.”

“మిషన్ తప్పు చేసిందా?”

“నేను చెప్పినట్టే చేసింది. నేనే సరిగ్గా చెప్పలేదు.”

ఆయన కూతురి వైపు చూశాడు. “అయితే పాప ఈడ ఉండొచ్చు కదా?”

“ఉండాలి, అన్నా.”

ఆ అమ్మాయి ముఖం గోడవైపు తిప్పుకుంది. తండ్రి తువ్వాలుతో మెడ తుడుచుకుని, కొంచెం మొహమాటంగా ఒక మాట అడిగాడు. “ఇదే సంగతి ఫోనుకు పంపుతారా మేడమ్? తెలుగులో. దాని అమ్మ సదవలేదు, పక్కింటోళ్ళతో సదివిచ్చుకుంటాది. సున్నాల సంగతి వాళ్ళకు గుడక తెలుసు.”

ఆయన అక్కడ ఉండగానే రాశాను. మీ అమ్మాయి ఐదు అభ్యాసాలూ సరిగ్గా చేసింది, ఇంతకు ముందు పంపిన మార్కులు మా పొరపాటు అని. ఫోన్ మోగగానే ఆయన తీసి కూతురికిచ్చాడు. ఆమె పైకి చదివింది. “ఇంకోసారి సదువు,” అన్నాడు. మళ్ళీ చదివింది. మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండు వారాలు సున్నా వచ్చిన ప్రోగ్రాములన్నీ కూర్చుని చదివాను. కొన్ని నిజంగానే తప్పులు. కొన్నిటిలో చివర ఒక ఖాళీ జాగా ఎక్కువైంది, అంతే. ఒకదానిలో ఒక మాటకు స్పెల్లింగు తేడా. ఆ పిల్లలందరినీ పిలిచి, మార్కులు సరిచేసి, ఇళ్ళకు మెసేజ్‌లు పంపాను. మూడు సెక్షన్లలోనూ నిలబడి, నా ప్రోగ్రాము ఏడు సున్నాలకు ఎలా బోల్తా పడిందో బోర్డు మీద చూపించాను. మొదటి సెక్షన్‌లో సిగ్గేసింది. మూడో సెక్షన్‌కు వచ్చేసరికి పిల్లలతో పాటు నేనూ నవ్వగలిగాను.

మిషన్‌ను మానేయలేదు. మార్చాను. ఇప్పుడు అది ఒట్టి ఎర్ర గుర్తు చూపదు. ఏ అంకెలు ఇచ్చిందో, ఏ జవాబు కోసం చూసిందో, ఏమి వచ్చిందో తెలుగులో చెబుతుంది. ఖాళీ జాగాలనూ పలకరింపులనూ పట్టించుకోదు. ఒకే అభ్యాసాన్ని ఎవరైనా పదిసార్లు పంపి ఇంకా తప్పుతుంటే, వాళ్ళ పేరు నా ముందు పెడుతుంది. ఆ పిల్లలను నేనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. మార్కులు నేను చూశాకే ఇళ్ళకు వెళతాయి. ఆదివారాలు మొత్తంగా నావి కావిప్పుడు, కానీ సగమైనా మిగిలాయి. పెద్దాయన ఒకరోజు వచ్చి తన క్లాసుకూ దాన్ని పెట్టి ఇమ్మన్నారు. “తెలుగులో చెప్తాదంట కదమ్మా,” అన్నారు.

ఇంకో పని కూడా పెట్టాను. నా మిషన్‌ను ఇరుకున పెట్టే అంకెలు వారానికి ఒక జత తెమ్మని పిల్లలకు చెప్పాను. ఆ అమ్మాయి తెచ్చేవి మిగతావాటిలా ఉండేవి కావు. బస్సు టైములు లెక్కగట్టే అభ్యాసంలో, అసలు బస్సే రాని రోజును తెచ్చింది. బడి హాజరు అభ్యాసంలో, ఊరంతా వలసపోయి ఒక్క పిల్లా రాని నెలను తెచ్చింది. రెండో సంవత్సరానికి వచ్చేసరికి, మొదటి సంవత్సరం పిల్లల అభ్యాసాలకు పరీక్ష అంకెలు తయారుచేసే గుంపుకు ఆమే పెద్ద.

ఈ మధ్య కడపలో ఒక పాలిటెక్నిక్ వాళ్ళు మా మిషన్ గురించి విని రమ్మని పిలిచారు. నేనూ ఆ అమ్మాయీ బస్సులో వెళ్ళాం. ఆళ్ళగడ్డ దాకా అహోబిలం పోయే భక్తులతో బస్సు కిక్కిరిసిపోయింది. ఆ అమ్మాయి చెప్పవలసినవి ఒక కాగితం మీద రాసుకుని, దారంతా పెదాలు కదుపుతూ వచ్చింది. ల్యాబ్‌లో నలభైమంది పిల్లలను చూడగానే ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసింది. నేను మొదలుపెట్టనా అని అడిగాను.

“వద్దు మేడమ్. నేనే చెప్తా.”

మొదట కాస్త తడబడింది. తర్వాత మిషన్‌ను నడిపి చూపించి, దీన్ని ఎట్లైనా ఇరుకున పెట్టండని వాళ్ళకే అప్పగించింది. అరగంట కూడా కాలేదు, వెనక వరుసలో ఒక పిల్ల చేయి సగం ఎత్తి, మళ్ళీ దించేసుకుంది. ఆ పిల్ల తెర మీద మా మిషన్ జవాబు చెప్పలేక ఆగిపోయి ఉంది. మా అమ్మాయి బెంచీల మధ్య నుంచి గబగబా వెళ్ళి, ఆ పిల్ల పక్కన జాగా చేసుకుని కూర్చుంది.

“శానా బాగా పట్టినావు. ఏమిచ్చినావో సూపియ్యి,” అంది.