క్రేను ముందు ఎద్దు గంట

నా పేరు మునెమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. పుత్తూరు దగ్గర పల్లె మాది. ఇంటికి నేను ఒక్కదాన్ని. మొన్నటిదాకా ఇద్దరం. మా తమ్ముడు పోయాడని తిరుపతి ఆసుపత్రి నుంచి ఎదురింటి టీచరమ్మ ఫోనుకు కబురు వచ్చింది. ఆ అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వచ్చింది. ఆ ఉత్త కాళ్లు చూడగానే నాకు తెలిసిపోయింది. ఆమె నోరు తెరవకముందే "ఎప్పుడు?" అని అడిగాను.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే టీచరమ్మ రాస్తోంది. పెద్దదినం నాడు ఈ కాగితం అచ్చు వేయించి కర్మకు వచ్చినవాళ్లకు పంచుతాను. రానివాళ్ల ఇంటికి నేనే నడిచిపోయి ఇస్తాను. ఎందుకంటే మా తమ్ముడి మీద ఈ ఊళ్లో ఒక మాట ఉంది. నిద్రపోతున్న స్నేహితుణ్ణి కాలితో తన్నాడని, ఆ పైన కరెంటు తెప్పించి అతని పని ఊడగొట్టాడని. తమ్ముడి పాడె మోసినవాళ్లు ఆ మాటను కూడా మోశారు. దాన్ని దించడానికే నేను కూర్చున్నాను.

తమ్ముడు తమిళదేశంలో ఒక హార్బరులో పని చేశాడు. ఓడల్లోంచి దించే ఇనప పెట్టెలు ఒక్కొక్కటి మన ఇల్లంత ఉంటాయట. వాటిని ఎత్తి పేర్చే క్రేన్ల దగ్గర అతని పని. ఆ క్రేన్లకు మనిషిని మించిన రబ్బరు చక్రాలు, వాటిని నడపడానికి డీజిల్ ఇంజన్లు. మొదట్లో ఆ ఇంజన్లకు నూనె పోసి తుడిచేవాడు. తర్వాత మేస్త్రి అయ్యాడు. అయ్యాక ఊరి మగపిల్లల్ని కొందరిని అదే నూనె పనికి తీసుకుపోయాడు. అందరికంటే ముందు తీసుకుపోయింది చెంగల్రాయుణ్ణి. ఇద్దరిదీ ఒకటే ఈడు. చిన్నప్పుడు ఒకడికి దెబ్బ తగిలితే రెండోవాడు ఏడ్చేవాడు.

శనివారం సాయంత్రం పాసింజరు రైల్లో వచ్చేవాడు తమ్ముడు. వచ్చీ రాగానే ఇంట్లోకి కాదు, నీళ్ల తొట్టి దగ్గరికి. ముక్కు చీదితే నలుపు. మెడ తుడిస్తే తుండు నలుపు. ఆ తుండును నేను సబ్బు పెట్టి ఉతికాను, సోడా వేసి ఉడకబెట్టాను, బండకేసి బాదాను. మసి వదల్లేదు.

"ఏమిరా, నువ్వు పని చేసేది సముద్రం కాడనా, పొయ్యిలోనా?" అనేదాన్ని.

"పొయ్యిలోనే అక్కా. నువ్వు సంగటి ఉడికే దాకా కూసోని లేస్తావు. మేం పొద్దుగూకులూ కూసుంటాం."

నవ్వుతూనే అనేవాడు. నవ్వు దగ్గులోకి పోయేది. దగ్గు తగ్గాక తన సంగతి చెప్పేవాడు కాదు. ఫలానావాడి దగ్గు ముదిరింది, ఫలానావాడు క్రేను మెట్లు ఎక్కలేకున్నాడు అని ఎవరెవరివో చెప్పేవాడు. క్రేన్ల పొగ ఒకటి, ఒడ్డున కట్టేసిన ఓడల పొగ ఒకటి. ఓడ నిలబడి ఉన్నా దాని లోపల దీపాలకూ పంపులకూ ఇంజను తిరుగుతూనే ఉండాలట.

అట్లాంటప్పుడు పైవాళ్లు మేస్త్రీలను కూర్చోబెట్టి అడిగారు. క్రేన్లకు డీజిల్ తీసేసి కరెంటు పెడదామా, పెట్టెలు పేర్చే యార్డులో కేబుల్ పరుచుకుందామా, ఒడ్డున ఆగిన ఓడలకూ తీగ ఇద్దామా, మీరేమంటారు అని. మా తమ్ముడు పెడదామన్నాడు. అందరికంటే ముందు అన్నాడు. దాన్ని నేను దాచను. ఊరివాళ్లు ఇదేదో రహస్యం కనిపెట్టినట్టు చెప్పుకుంటారు. అతను ఆ వారమే వచ్చి ఈ అరుగు మీద కూర్చుని నాకు చెప్పాడు.

"ఈడ మన మోటారుకు అర్ధరాత్రి దాకా కరెంటు రాదు. ఆడ ఓడలకు ఇస్తారంటనా?" అన్నాను.

"ఇస్తారక్కా. ఓడల్ని లాక్కొచ్చే సిన్న పడవలుండాయి సూడు, టగ్గులు, వాటికి ముందు ఇస్తారు. ఒడ్డున కట్టేయంగానే ఇంజను ఆపి తీగ తగిలించేది. మన బాయి మోటారుకు తగిలించినట్టే."

మా నాయన బతికి ఉండగా మా బావి మీద ఆయిల్ ఇంజను ఉండేది. దాని పొగకు పక్కనున్న మామిడిచెట్టు పూత ఒక వైపు నల్లబడేది. కరెంటు మోటారు వచ్చిన నాడు ఊరంతా వచ్చి చూసి పోయారు. ఇంజను పోయిందని ఆ రోజు ఏడ్చినవాళ్లు ఒక్కరూ లేరు. హార్బరులో మాత్రం ఇంజనుతో పాటు దానికి నూనె పోసే చెయ్యి కూడా పోతుంది. తమ్ముడికి అది తెలుసు. "కేబుల్ పని నేర్సుకోండప్పా" అని మనవాళ్ల వెంట పడ్డాడు. కొందరు నేర్చుకున్నారు. చెంగల్రాయుడు "సూద్దాంలే" అన్నాడు.

ఇక తన్నిన సంగతి. ఇది తమ్ముడు నాతో ఒక్కదానితోనే చెప్పాడు, ఎక్కడా అనొద్దన్నాడు. అతను ఉన్నన్నాళ్లూ నేను అనలేదు. ఇప్పుడు ఆ కట్టు లేదు.

యార్డులో ఎండకు నిలువ నీడ ఉండదట. మధ్యాహ్నం అన్నం తిన్నాక పెట్టెల వరస పక్కన నీడ చూసుకుని నడుం వాల్చేవారు. అది క్రేను చక్రాలు పోయే దారి. అయినా ఎవరికీ భయం లేదు. క్రేను కదిలితే ఇంజను రొద నేలను అదరగొట్టేది. ఎంత నిద్రలో ఉన్నా మనిషి లేచి పక్కకు జరిగేవాడు. ఇన్నేళ్లూ ఆ రొదే వాళ్లను నిద్రలేపేది. మొదటి క్రేనుకు కరెంటు పెట్టారు. ఆ మధ్యాహ్నం చెంగల్రాయుడు ఎప్పటి చోటే పడుకున్నాడు. కొత్త క్రేను కదిలింది. సద్దు లేదు. పైన కూర్చున్నవాడికి కింద మనిషి కనబడలేదు. తమ్ముడు దూరం నుంచి చూసి, అరుస్తూ పరుగెత్తాడు. వంగి లేపేంత వ్యవధి లేదు. వచ్చిన ఊపున కాలితో తన్నాడు. చెంగల్రాయుడు దొర్లి పెట్టెల సందులో పడ్డాడు. తమ్ముడి ఎడమ బూటు మీదుగా చక్రం అంచు పోయింది.

చెంగల్రాయుడు లేచేటప్పటికి క్రేను దాటిపోయింది. కళ్లెదుట తన్నిన స్నేహితుడు ఒక్కడే ఉన్నాడు. నోటికొచ్చింది తిట్టాడు. ఆ కేకలకు కంట్రాక్టరు మనిషి వచ్చి, పనిలో నిద్రపోయాడని రాసుకుని పోయాడు. తమ్ముడు బూటు విప్పలేదు. చెంగల్రాయుడు అటు పోయిన తర్వాతే కుంటుతూ ఆసుపత్రికి పోయాడు. రెండు వేళ్లు తీసేశారు. ఊళ్లో చక్కెర రోగం అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

"సెప్పరా వాడికి. నీ పానం కాపాడినానని సెప్పు" అన్నాను ఆ శనివారం, కాలికి కట్టు చూసి.

"సెప్తే వాడు ఇంగ నా ముందర తల ఎత్తడక్కా. తిట్టుకోనీ. తిట్టేవాడైతే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ మాట్లాడతాడు. తల దించుకున్నోడు మాట్లాడడు."

మర్నాడు పోయేటప్పుడు దూలానికి వేలాడుతున్న గంట అడిగాడు. మా ఎద్దు మెడలోది. ఎద్దును అమ్మి ఏళ్లయినా గంటను అమ్మలేదు. "నీకెందుకురా?" అన్నాను. "కరెంటుకు సద్దుండదక్కా. దానికి నేను సద్దు కావాల" అన్నాడు. పైవాళ్లు క్రేన్లకు దీపమూ కూతా బిగించే దాకా, ఆ కుంటికాలితో క్రేను ముందర గంట ఊపుకుంటూ నడిచాడు. యార్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది చెంగల్రాయుడేనని విన్నాను. "గంట వచ్చింది సరే, ఎద్దు యాడప్పా?" అనేవాడట.

అన్ని క్రేన్లకూ కరెంటు వచ్చాక కంట్రాక్టరు నూనె పనివాళ్లను తగ్గించాడు. నిద్రపోయాడని రాసి ఉన్నందుకు చెంగల్రాయుడి పేరు ముందుకొచ్చింది. తమ్ముడు ఎన్నిసార్లు పోయి అడిగాడో నాకు తెలుసు. వాళ్లు వినలేదు. చెంగల్రాయుడి ఇంట్లో పొయ్యి ఆరింది, అది నిజం, చిన్న విషయం కాదు. ఊరికి వచ్చి టీ అంగట్లో కూర్చుని "నన్ను తన్ని, నా కూడు కూడా తన్నినాడు" అన్నాడు. ఆ తర్వాత మా వీధిలో అడుగు పెట్టలేదు.

తమ్ముడు ఒకనాటి శనివారం తొట్టి దగ్గర మెడ తుడుచుకుని తుండు నా ముందు పరిచాడు. "సూడక్కా, తెల్లగా ఉండాది." సంతోషంగా చెబుతున్నాడో దిగులుగా చెబుతున్నాడో నాకు అంతుపట్టలేదు. ఆ రోజే ఇంకో మాట చెప్పాడు. టగ్గుకు మొదటిసారి తీగ తగిలించి ఇంజను ఆపిన సాయంత్రం, ఒడ్డుకు నీళ్లు కొట్టుకునే సద్దు వినబడిందట. "ఇన్నేండ్లు సముద్రం పక్కనే ఉండి, దాని సద్దు ఇప్పుడు ఇన్నానక్కా."

పని మానుకుని వచ్చాక మేమిద్దరం అరుగుకు చెరో కొసన కూర్చునేవాళ్లం. అతని పెళ్లాం ముందే పోయింది, నా మొగుడూ పోయాడు, పిల్లలు ఇద్దరికీ లేరు. మాట్లాడుకునేది తక్కువ. సందు మొగ దాటి మనుషులు పోతుంటే మాత్రం అడిగేవాడు, "సెంగల్రాయుడు పోయినాడా అక్కా?" అని. అతని చూపు ఆనేది కాదు. "పోయినాడు" అనేదాన్ని. "ఈ పక్క సూసినాడా?" ఆ రెండో మాటకు నేను అబద్ధం చెప్పలేకపోయేదాన్ని.

ఇప్పుడు ఆ కొస ఖాళీ. చెయ్యి మాత్రం అలవాటున సంగటి రెండు ముద్దలు చేస్తోంది.

శవాన్ని ఎత్తిన రోజు చెంగల్రాయుడు సందు మొగ దాకా వచ్చి నిలబడి, తిరిగి పోయాడు. మా వైపు ఎంత పగ ఉన్నా మూడో నాడు సమాధి మీద పాలు పోయడానికి వస్తారు. అతను రాలేదు.

ఇంతవరకు రాశాక, సాక్షి ఎవరని టీచరమ్మ అడిగింది. చెంగల్రాయుణ్ణి పిలువు అన్నాను.

"రాడేమో అవ్వా."

"రాకపోతే రాలేదని రాయి."

వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. టీచరమ్మ మొదటి నుంచి చదివింది. అతను నేల చూస్తూ విన్నాడు. బూటు దగ్గరికి రాగానే తల ఎత్తాడు.

"ఏ కాలు?"

"ఎడమది."

"సక్కెర అనుకుంటిని."

"ఊరంతా అదే అనుకున్నింది."

"ఒక్క మాట సెప్పుండొచ్చు గదక్కా వాడు."

"ఎందుకు సెప్పలేదో అది గూడా రాసుండాది. ఇను."

మొత్తం విన్నాడు. మళ్లీ దూలానికి చేరిన గంటకేసి చూశాడు. ముట్టుకోలేదు. "దాన్ని సూసి నేను నవ్వితిని" అన్నాడు. నేను ఓదార్చలేదు. నాకు చేతకాదు. ఇంకు పెట్టె అతని ముందుకు తోశాను.

వేలిముద్ర వేసి, నల్లబడిన వేలిని గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. తుడుచుకోమని టీచరమ్మ దండెం మీది తమ్ముడి తుండు తీయబోయింది.

"వద్దమ్మా" అన్నాడు చెంగల్రాయుడు. "అది తెల్లగా ఉండాది. అట్లే ఉండనీ."

తన పంచెకు తుడుచుకున్నాడు. కూర్చోమని నేను అనలేదు, అతను కూర్చోలేదు. సందు మొగ దగ్గర ఆగాడు. ఆగి, ఈ పక్క చూశాడు.

మునెమ్మ, ఎడమచేతి వేలిముద్ర.
చదివి వినిపించాక ఒప్పుకుని వేసింది.

సాక్షులు:
సరళ, టీచరు, ఎదురిల్లు. రాసినదీ నేనే.
చెంగల్రాయుడు, వేలిముద్ర. తన్ను తిన్నది నేనే.