ఉపవాసం నాటి చెత్తపొయ్యి

రెండువేల ఎనిమిది ప్రాంతంలో గల్ఫ్‌లో, సోహార్‌లోని మా కార్మికుల క్యాంపు వెనక చలికాలమంతా ఒక పొయ్యి మండేది. పారేసిన ఇనుప ట్యాంకు తెచ్చి మా చర్చి సంఘంలోని పైపు ఫిట్టర్లం దాన్ని కట్టాం. మా సంఘంవాళ్లుండే రూముల్లో ఏ రూమ్ చెత్త ఆ రూమ్‌వాళ్లు తెచ్చి వేయాలి: అట్టపెట్టెలు, గుడ్ల ట్రేలు, పండ్లపెట్టెల చెక్కలు. తడిదీ, ప్లాస్టిక్కూ వేయకూడదు. కాగిన నీళ్లు పైపుల్లో అన్ని స్నానాల గదులకూ, బాప్తిస్మాలకని మేం కట్టుకున్న తొట్టికీ వెళ్లేవి. ఆ ఆలోచన దేవుడే ఇచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం.

మాతో పనిచేసే ఒక వడ్రంగి, గోదావరి వైపు పెద్దాయన, మా శుక్రవారం కూడికల్లోనే ప్రభువును నమ్ముకున్నాడు. వీసా అయిపోయింది. శనివారం ప్రయాణం. నమ్ముకున్న చోటే బాప్తిస్మం పొంది వెళ్లాలని ఆయన ఆశ. కానీ న్యుమోనియా నుంచి అప్పుడే కోలుకున్న మనిషి. "తొట్టిలో నీళ్లు వెచ్చగా ఉంటేనే దింపుతాను" అన్నారు పాస్టర్‌గారు.

ఆయన కోసం మా రూములన్నీ ఆ వారం ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. డ్యూటీ నుంచి వచ్చాక ఇంత గంజి, అంతే. శుక్రవారం పొద్దున పొయ్యి దగ్గరికి వెళ్తే వేయడానికి గుప్పెడు చెత్త లేదు. వంట లేనిచోట చెత్త ఎక్కడిది? అది ఒక్కరికీ తోచలేదు. తొట్టిలో నీళ్లు మంచులా ఉన్నాయి. పెద్దాయన తెల్లబట్టలు కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

ముందు వరస రూములో ఉండే నిజామాబాద్ మేస్త్రీ వచ్చి చూశాడు.

"ఏందన్నా, పొయ్యి సల్లగున్నది?"

సంగతి చెప్పాం. కడుపు పట్టుకుని నవ్వాడు.

"మీ దేవుడు బువ్వ వద్దన్నడు గని, అట్టలు వద్దన్లేదు గదనే!"

రూముకెళ్లి, ఇంటికి పంపడానికి కట్టిపెట్టుకున్న పెట్టెలు విప్పాడు. సామాన్లు దుప్పట్లో మూటగట్టి అట్టలన్నీ మోసుకొచ్చాడు. అతని వెనకే వాళ్ల రూమంతా వచ్చింది, గూళ్లుగా వాడుకునే పండ్లపెట్టెలు పట్టుకుని.

పొయ్యి అందుకుంది. కాసేపటికి తొట్టి మీద ఆవిరి లేచింది. పాస్టర్‌గారు చేయి ముంచి చూసి, "రండయ్యా" అన్నారు.

పెద్దాయన మునిగి లేచాడు. క్యాంపు దద్దరిల్లేలా స్తోత్రం చెప్పాం.

"పెద్దాయనా, నీళ్లు ఉడుకున్నయా?" అని అరిచాడు మేస్త్రీ.

"సబ్బొక్కటే తక్కువ బాబూ!"

మధ్యాహ్నం ఉపవాసం విడిచి, మేస్త్రీ రూమ్‌వాళ్లందరినీ పిలిచి వండి పెట్టాం. సాయంత్రానికి పొయ్యి పక్కన నడుమెత్తు చెత్త.