ఇంకా ఏమీ చేయనివాడు

మొన్న మా బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో బస్సు దిగగానే గాలి లేచి, సైనైడ్ దిబ్బల మీది తెల్లటి దుమ్ము నోట్లో గరగరలాడింది. సైనైడ్‌తో బంగారం తీసేశాక మిగిలిన రాతిపిండి అది. చిన్నప్పుడు ఈ గాలి లేస్తే గోవిందప్ప సారు పాఠం ఆపి, తానే కిటికీలన్నీ మూసేవారు. మూసిన గదిలో ఆయన గొంతు మరింత దగ్గరగా వినిపించేది. ఆ దగ్గరితనం నా ఒక్కదానికే దక్కాలని ఆశపడేదాన్ని.

గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది. మాది చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం, నాన్న గనిలో దిగేవాడు. సారు మా హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. రాజు పేరు మరిచిపోయినా కోప్పడరు గానీ, నువ్వక్కడ ఉంటే ఏం చేసుంటావని అడిగినప్పుడు ఊరకుంటే మాత్రం వదిలేవారు కాదు. ఆయన అడిగితే ముందుగా లేచేది నేనే.

జలియన్‌వాలా బాగ్ పాఠం రోజు కూడా అంతే. ఆ కాల్పుల గురించి చెప్పి, సారు పుస్తకం మూశారు.

"ముందురోజే మీరు అక్కడికి పోగలిగినారు అనుకోండి. కాల్చమని చెప్పబోయే ఆ దొర ఒంటిగా కూర్చోని అన్నం తింటా ఉండాడు. మీ చేతిలో తుపాకి ఉండాది. ఏం చేస్తారు?"

చంపేస్తానన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. సారు తలూపారు, అంతే. అప్పుడు వెనక బెంచీలో యశోద లేచింది. క్యాసంబళ్ళి నుంచి బస్సులో వచ్చే రైతుల పిల్ల. అడిగితే తప్ప నోరు విప్పేది కాదు.

"సారూ, ముందురోజుకి ఆయప్ప ఇంకా ఏమీ చేసిండడు కదా?"

సారు ఆ ప్రశ్నను బోర్డు మీద రాశారు. బెల్లు కొట్టాక ఆమెతో మాట్లాడుతూ బస్టాండు దాకా నడిచారు. నేను వాళ్ల వెనకే నడిచాను. ఒక్కడు పోతే అంతమంది బతుకుతారు, ఇందులో ఆలోచించడానికేముందని నా కోపం. అసలు మంట అది కాదు. నేను ఎన్ని జవాబులు చెప్పినా ఆయన నాతో అలా నడిచింది లేదు.

ఆ ఏడాదే మేముండే పై లైన్లకూ కింది లైన్లకూ నీళ్ల కొళాయి దగ్గర తగవు ముదిరింది. గని కార్మికులకు వరసగా కట్టిన ఇళ్లను లైన్లంటారు. కింది లైన్లలో సీను అనే కుర్రవాడు ఉండేవాడు, సారు దగ్గర చదువుకున్నవాడే. ఆ కొట్లాటలో వాళ్లన్న తల పగిలేసరికి, టీ అంగట్లో అందరి ముందూ పై లైన్లను తగలబెడతానన్నాడు. అతని ఇంట్లో కిరోసిన్ డబ్బాలు చూశామని ఎవరో చెప్పారు. మా అన్న కొందరిని వెంటేసుకుని సీను చేతులు విరగ్గొట్టడానికి బయలుదేరాడు. నేనూ వెనకే పరుగెత్తాను. సీను పారిపోయి సారింట్లో దూరాడు. సారు గుమ్మంలో నిలబడ్డారు.

పిల్లాజెల్లా కాలిపోయాక ఏడ్చి ఏం లాభమని అన్న అడిగాడు. సారు ఆ మాటను కొట్టిపారేయలేదు.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చప్పా. వాడు తగలబెట్టొచ్చు. అయితే ఇంకా ఏమీ చేయలేదే. చేయనిదానికి చేతులు ఎట్ల విరగ్గొట్టేది? నా క్లాసులో యశోద అనే పాప ఇదే అడిగింది. నాకు ఇంగా జవాబు దొరకలేదు. దొరికేదాకా వాడు నా కండ్ల ముందరే ఉంటాడు."

గుంపు ఆ మాటకు ఆగిందో, సారు మీద చేయి వేయలేక ఆగిందో తెలియదు. నాకు మాత్రం వినిపించింది ఆ పేరొక్కటే. మా ఇల్లు కాలుతుందేమోనన్న భయం కూడా ఆ క్షణాన గుర్తు లేదు.

తగవు చల్లారేదాకా సీను సారింట్లోనే ఉన్నాడు. సారు స్కూలుకు వస్తే అతన్నీ వెంట తెచ్చి వరండాలో కూర్చోబెట్టేవారు. ఏ ఇల్లూ కాలలేదు. తర్వాత అతను మాలూరులో ఫ్యాక్టరీ పనికి పోయి, అక్కడే స్థిరపడ్డాడు. తాము వెళ్లి భయపెట్టబట్టే ఆగాడని మా అన్న ఇప్పటికీ అంటాడు.

గనులు మూతపడేనాటికి సారు ముసలివారయ్యారు. నేను కోలారులో టీచరునయ్యాను, సెలవు దొరికితే వెళ్లి చూసేదాన్ని. యశోద పెళ్లయి లక్కూరు వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. అయినా నేను వెళ్లిన ప్రతిసారీ ఆయన ఆమె కబురే అడిగేవారు. ఒకసారి ఉండబట్టలేక, ఆ రోజు నేనేం చెప్పానో గుర్తుందా అన్నాను.

"యాడ మర్చిపోతానమ్మా. చంపుతానని చెప్పినావు. నీ వయసులో నన్నడిగినా అదే చెప్పుంటాను. తప్పని ఇప్పుడు కూడా అనలేను. ఆ దొరను ఆపుంటే అంతమందీ బతికేవాళ్లేమో. ఇంగొకడొచ్చి అదే పని చేసేవాడేమో."

మరి సీను సంగతేమిటని అడిగాను.

"అదీ తెల్దు. నేను ఆపినానో, వాడసలు చేసేవాడే కాదో. తెలీకుండానే పోతానమ్మా."

అలాగే పోయారు. ఆ కబురు చెప్పడానికి లక్కూరు వెళ్లాను. ఆవులకు మేత వేస్తున్న యశోద విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. సారు చివరిదాకా నీ ప్రశ్నే తలుచుకున్నారని చెప్పాను. ఆ మాట చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఆమెకు తెలియదు. అయోమయంగా నా వైపు చూసింది.

"నేనేం అడిగినానమ్మా? నాకేమీ గుర్తు లేదే."

అంతా చెప్పాను. అట్లా అడిగినానా అని నవ్వి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

సారు బతికినంతకాలం మోసిన ప్రశ్న ఇప్పుడు నా దగ్గరుంది. రేపేదో చేస్తారని ఎవరి మీదైనా అనుమానం వస్తే, ఇంకా ఏమీ చేయలేదు కదా అని అది నన్ను పట్టి ఆపుతుంది. ఆగడం మంచిదో కాదో మాత్రం చెప్పదు. అంతటి మాట అడిగి, ఇంటికెళ్లి హాయిగా మరిచిపోగలిగిన యశోద మీద నాకిప్పటికీ అసూయే.